గొంతు రాని మాట

జాయ్స్ ఇంట్లో ప్రతిరోజూ ఐజాక్ వేలికి సూది పొడవడంతోనే తెల్లవారేది. ఐజాక్ ఆర్టీసీ డ్రైవరు. విజయనగరం డిపోలో సాలూరు బండి నడుపుతాడు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సుని రివర్సులో తిప్పగల మనిషి, భార్య చిన్న మిషను పట్టుకుని మంచం పక్కన నిలబడితే మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని వేలు ముందుకు చాచేవాడు. అతని తల్లి వరమ్మ గుమ్మంలో నిలబడి "ఎంతుందే? ఎంతుంది?" అని అడిగేది. సుగరు అదుపులో ఉంటే ఇడ్లీ. లేకపోతే చోడి జావ.

ఆ తర్వాత ఐజాక్ బీపీ మాత్ర, వరమ్మ మోకాళ్ళకి నూనె, కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న కొడుక్కి ఫోను. అన్నీ అయ్యాక జాయ్స్ చల్లారిపోయిన కాఫీని నిలబడే గుక్కలో తాగేసి హైస్కూలుకి పరుగెత్తేది. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేది. క్లాసు చివరి బెంచీకే కాదు, ప్రహరీ అవతల టీకొట్టు దాకా ఆమె గొంతు వినిపించేది. ఆమెకి జ్వరం రాగా ఎవరూ చూడలేదు. కరోనా రోజుల్లో ఇంటిల్లిపాదీ మంచమెక్కినా ఆమె ఒక్కతే లేచి తిరిగింది. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఆమెని "నీకెలా ఉంది?" అని అడిగేవారు కాదు. అడగాలని తోచేది కాదు.

నవంబరులో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి. ఐజాక్ తన బావమరిదిని అడిగి కారు తెచ్చాడు. "అరకులో వలిసె పూలు పూసేశాయట. డిపోలో అందరూ ఫోటోలు పెడుతున్నారు. ఇంత దగ్గర్లో ఉండి మనమే చూడలేదు" అన్నాడు. వరమ్మ ఆదివారం ఆరాధన మానేసి రానంది. తర్వాత, దారిలో మఠం ఉందని తెలిసి మెత్తబడింది.

"కేతలిక్కులదేటి?" అంది.

"దేవుడిదేనే అమ్మా. ఎక్కు" అన్నాడు ఐజాక్.

శనివారం బొర్రా గుహలు చూశారు. అరకులో ఒక కాటేజీలో చలికి వణుకుతూ పడుకున్నారు. ఆదివారం పొద్దున్న మంచు విడిచేసరికి కొండల కింద వలిసె పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టున్నాయి. జాయ్స్ ఆ పూల మధ్యలోకి పరుగెత్తి, చీర కుచ్చిళ్ళకి ముళ్ళు పట్టుకున్నా లెక్కచెయ్యకుండా నిలబడి ఫోటో తీయించుకుంది. ఆ ఫోటో బాగా వచ్చింది. తర్వాత చాలా రోజులు ఐజాక్ ఆ ఫోటో తెరవలేకపోయాడు.

మఠం అరకు నుంచి లోపలికి, కాఫీ తోటల మధ్య ఉంది. ఎప్పుడో వందేళ్ళకి ముందు, మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్న తెల్ల సన్యాసులు కొందరు ఎడ్లబళ్ళ మీద కొండెక్కి వచ్చి కట్టుకున్న రాతి కట్టడం. చాలామందిని మలేరియా పొట్టన పెట్టుకుంది. వాళ్ళ సమాధులు సిల్వర్ ఓక్ చెట్ల కింద వరసగా ఉంటాయి, వాటి మీదికి మిరియాల తీగలు పాకుతుంటాయి. లోపల నాలుగు పలకల పెరడు, పెరడు మధ్య ఒక నారింజ చెట్టు, చుట్టూ కమానుల వసారా. ఆ వసారాలో నిజం కాని మాటకి గొంతు రాదు. నోరు కదులుతుంది, మాట బయటికి వినబడదు. ఎందుకలా అని ఎవరూ పెద్దగా అడగరు. అరకు వచ్చే కారు డ్రైవర్లు కాఫీ మ్యూజియానికీ చాపరాయికీ మధ్యలో దీన్ని కూడా చూపించి వెళ్తారు. కాలేజీ పిల్లలు వచ్చి ఫోన్లు ఎదురుగా పెట్టుకుని గొప్పలు చెప్పుకుంటారు, మూగ సినిమా చూసుకుని నవ్వుకుంటారు. చుట్టుపక్కల గూడేల వాళ్ళు పెళ్ళిమాటలకి వస్తారు.

ఆ ఆదివారం కూడా ఒక పెళ్ళివారు వసారా చివర రాతిబల్లల మీద కూర్చుని ఉన్నారు.

మఠంలో మిగిలిన కొద్దిమంది బ్రదర్లలో పెద్దాయన ఎలీయేజరు. పార్వతీపురం పక్కనించి కుర్రతనంలో వచ్చి ఇక్కడే తల నెరిసిపోయాడు. తెల్ల అంగీ మీద స్వెట్టరు, చేతిలో కాఫీ పళ్ళు ఏరే బుట్ట. ఆయనే గుమ్మం దగ్గర ఎదురొచ్చాడు.

"రండి రండి. సెప్పులిక్కడ ఇడిసీయండి. ఏ ఊరు?"

"విజీనారం, బ్రదర్" అన్నాడు ఐజాక్.

"లోపల ఏదన్నా అనండి. రాని మాట గురించి కంగారు పడకండి, గొంతుకి ఏటీ అవదు."

వరమ్మ గడప దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. "మన సంఘం కాదు గాని, సల్లగా ఉంది" అంటూ లోపలికొచ్చింది. ఆ మాట చక్కగా వినబడింది.

పెళ్ళివారిలో అబ్బాయి పేరు ధర్మ. అతనికెదురుగా అమ్మాయి మాధవి, పక్కనే ఆమె మేనత్త. మేనత్త అడుగుతోంది, "తాగుడుందేటి బాబూ?"

ధర్మ పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. అమ్మాయి తరఫు వాళ్ళు పకపకా నవ్వారు. అతను తల గోక్కుని, "సంతరోజు తాగుతాను" అన్నాడు. అది వినబడింది.

మాధవి అంతదాకా తలెత్తలేదు. అప్పుడు ఎత్తింది. "తాగొచ్చి కొడతావా?"

"కొట్టను."

ఆ మాట కమానుల కింద గంట కొట్టినట్టు పలికింది. మాధవి మళ్ళీ తలదించుకుంది గానీ ఈసారి నవ్వుతోంది. మేనత్త సంచిలోంచి అరటిపళ్ళు తీసి అందరికీ పంచడం మొదలుపెట్టింది. చూస్తున్న జాయ్స్‌కి కూడా ఒకటి వచ్చింది.

ఇలాంటిది తమ పెళ్ళికి ముందు తెలిసుంటే బాగుండేదని జాయ్స్ మొగుడితో అనబోయింది. ఆ మాటకి గొంతు రాలేదు. పెదాల కదలికలోనే మాట పోల్చుకుని ఐజాక్ మురిసిపోయి భార్య వంక చూశాడు. ఆమె సిగ్గుపడి అరటిపండు ఒలుచుకుంది.

తర్వాత వరమ్మ వంతు. ఆమె నారింజ చెట్టు వైపు తిరిగి, కోడల్ని ఆటపట్టించాలని, "ఈ జాయిసు సేపల పులుసు నాకెన్నడూ..." అని మొదలుపెట్టింది. అక్కడితో గొంతు ఆగిపోయింది. తక్కిన మాట నోటి కదలికలోనే మిగిలింది. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. మళ్ళీ అంతే. జాయ్స్ కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"అత్తా, ఇరవై ఏళ్ళ నుంచి ఉప్పు ఎక్కువ, పులుపు తక్కువ అంటూ తింటున్నావు కదా! దొరికిపోయావు."

"ఛీ పో" అంది వరమ్మ. "నువ్వు సెప్పరా ఐజాకూ."

ఐజాక్ ఛాతీ విరుచుకున్నాడు. మిఠాయి ముట్టుకుని ఏడాది దాటిందని చెప్పబోయాడు. ఒక్క అక్షరం పైకి రాలేదు. వరమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"ఎక్కడ తింటన్నావురా?"

ఐజాక్ తప్పించుకోవడానికి రెండు మూడు ఊళ్ళ పేర్లు చెప్పి చూశాడు. ఏదీ పలకలేదు. చివరికి నేల చూపులు చూస్తూ, "గజపతినగరం బస్టాండులో. జిలేబీ" అన్నాడు. ఆ మాట ఎంత బాగా పలికిందంటే పెళ్ళివారు కూడా తిరిగి చూశారు. ధర్మ అయితే తనకొక తోడు దొరికినట్టు నవ్వాడు.

"నా సుగరు నా ఇష్టం. ఇంక చాలు" అన్నాడు ఐజాక్ ఉక్రోషంగా. "నీ సంగతి చెప్పు. నువ్వేం తక్కువ తిన్నావా?"

"నాకేం ఉంది చెప్పడానికి?" అంది జాయ్స్. రాతి స్తంభానికి ఆనుకుని, అరటితొక్క చేతిలో పట్టుకుని, ఇంకా నవ్వుతూనే, తాను గుండ్రాయిలా ఉన్నానని అనబోయింది.

మాట రాలేదు.

ఐజాక్ చప్పట్లు కొట్టాడు. "అబద్ధం! నువ్వు రాయివి కాదు కదా. ఇక్కడ పోలికలు చెల్లవు, లెక్కల టీచరు గారూ."

జాయ్స్‌కీ అది సబబుగానే తోచింది. "సరే, మామూలుగా చెప్తాను" అంది. అది వినబడింది. తర్వాత, ఏ పోలికా లేకుండా, ఒంట్లో తనకే జబ్బూ లేదని చెప్పింది. పెదాలు కదిలాయి. పళ్ళు కనబడ్డాయి. చప్పుడు లేదు.

ఐజాక్ చేతులు చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి.

"మళ్ళీ అను" అన్నాడు.

ఆమె మళ్ళీ అంది. క్లాసులో చివరి బెంచీకి చెప్పినట్టు, మెడనరాలు ఉబ్బేలా గట్టిగా అంది. ఏమీ వినబడలేదు. నారింజ చెట్టు మీద ఏదో పిట్ట కూస్తోంది, అదొక్కటే వినబడింది.

"ఏటిది జాయ్స్? నా దగ్గర ఏదన్నా దాస్తున్నావా?"

"నేనేం దాచట్లేదండీ!"

అది ఖంగుమని పలికింది. నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. దాంతో ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు ఇంకిపోయింది. ఆమె అబద్ధమాడటం లేదు. దాచడం లేదు. అయినా జబ్బు లేదన్న మాట మాత్రం రావడం లేదు.

"నాకే జబ్బూ ఉన్నట్టు నాకు తెలీదు" అంది జాయ్స్ మెల్లగా. అది వినబడింది. "ఎక్కడా నొప్పి లేదు." అదీ వినబడింది. ఆమె చేతిలోంచి అరటితొక్క జారి కింద పడింది. వరమ్మ వంగి దాన్ని తీసింది. తీసి ఏం చెయ్యాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడింది.

బ్రదర్ ఎలీయేజరు బుట్ట కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మనిసి అబద్ధమాడతాడా నేదా అన్నది ఈ గోడలు సూడవు. మాట నిజమా, కాదా, అంతే సూస్తాయి. నీకు తెలవకపోయినా వాటికి తెలస్తాది." ఆయన గొంతులో కంగారేమీ లేదు, ఇలాంటివి ఆయనకి కొత్త కాదు. "గూడేల్లోంచి బాగోనోళ్ళని ఇక్కడికి తెస్తుంటారు. ఒక్కొక్క అవయవం పేరు సెప్పిస్తాం. దొరికాక పాడేరు ఆస్పత్రికి పంపిస్తాం. నువ్వూ సెప్పి సూడు."

"వద్దు" అన్నాడు ఐజాక్. "మనం వెళ్ళిపోదాం. ఇదేదో..." అది ఉత్త వేడుక అని అనబోయాడు. ఆ ముక్క రాలేదు.

జాయ్స్ అతని వైపు చూడలేదు. స్తంభం వదిలి నిటారుగా నిలబడింది. పైట సర్దుకుంది. క్లాసులో హాజరు పిలిచే గొంతుతో మొదలుపెట్టింది.

"నా గుండె బాగుంది."

వినబడింది. ఐజాక్ ఊపిరి వదిలాడు.

"నా ఊపిరితిత్తులు బాగున్నాయి. కడుపు బాగుంది. కాలేయం బాగుంది."

అన్నీ వినబడ్డాయి. ఒక్కొక్క పేరూ పిలిపించుకుని నిలబడి పలికిన పిల్లల్లా వరసగా వచ్చాయి. కిడ్నీలు వచ్చాయి. గర్భసంచి వచ్చింది. రొమ్ముల గురించి అనేటప్పుడు వరమ్మ కళ్ళు మూసుకుంది. అదీ వచ్చింది. ఎముకలు, నెత్తురు, కళ్ళు. జాయ్స్ మొహంలోకి కాస్త రంగు తిరిగొచ్చింది. ఇంకేం మిగలలేదు కదా అన్నట్టు మొగుడి వైపు తిరిగి, తల బాగుందని చెప్పింది.

తల గురించిన మాట రాలేదు.

పెళ్ళివారు మాటలు ఆపేశారు. మాధవి లేచి నిలబడింది. జాయ్స్ చెయ్యి దానంతటదే పైకి లేచి, పాపిడి దగ్గర ఆగింది. తన తల తనకి కొత్తదైనట్టు, పగిలే వస్తువైనట్టు, వేళ్ళ చివర్లతో ముట్టుకుంది.

"తలనొప్పి కూడా లేదండీ" అంది. అది వినబడింది. "ఎప్పుడూ రాదు నాకు." అదీ వినబడింది. అది వినబడటమే అందరికీ ఎక్కువ భయం కలిగించింది.

ఐజాక్ రాతిబల్ల మీద కూలబడ్డాడు. ఇంటినిండా మాత్రలు అతనివే. సూదులు అతనివే. ఆస్పత్రి ఫైళ్ళన్నీ అతని పేరు మీదే. ఎప్పుడైనా ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే అది తనకే అవుతుందని అతను ఎంత గట్టిగా నమ్మాడంటే, ఆ నమ్మకం ఊడిపోయేసరికి ఏం పట్టుకోవాలో తెలియలేదు.

జాయ్స్ తేరుకుంది. రేపు స్కూలుంది. ఎఫ్.ఎ. పరీక్ష పేపర్లు దిద్దాలి. తిరిగి వెళ్ళాక వచ్చేవారం చూపించుకుంటే సరిపోతుందని చెప్పబోయింది. గొంతు రాలేదు. నుదురు ముడిపడింది. రేపు చూపించుకుంటే సరిపోతుందని అంది. గొంతు రాలేదు.

ఎలీయేజరు మొహం మారింది. ఇందాకటి నింపాదితనం పోయింది.

"ఈ రోజే వెళ్ళాలి" అంది జాయ్స్.

ఎంత స్పష్టంగా పలికిందో! రాతిబల్ల మీద కూర్చున్న పెళ్ళివారి ముసలాయన చేతిలో పండు పక్కన పెట్టేశాడు.

"బేగి" అన్నాడు ఎలీయేజరు. "పాడేరు వద్దు. తిన్నగా విశాపట్నం ఎల్లిపోండి. ఎండుండగానే ఘాటీ దిగిపోతారు."

కానీ జాయ్స్ కదల్లేదు. ఇంకొక మాట అనబోతోందని ఐజాక్‌కి అర్థమైంది. ఏ మాటో కూడా అర్థమైంది. ఆమె నోరు తెరిచేలోపు ఒక్క ఉదుటున లేచి, ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అందరి ముందూ ఆమెని అలా ముట్టుకోవడం అదే మొదటిసారి.

"అది ఇక్కడొద్దు జాయ్స్. దండం పెడతాను. ఇక్కడొద్దు."

ఆమె అతని చేతి మీదుగా చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి, నీళ్ళు లేవు. కాసేపటికి తల ఊపింది. అతను చెయ్యి తీశాడు.

"పోనీ మీరు అనండి" అంది గుసగుసగా. "నాకేం కాదని మీరు అనండి."

ఐజాక్ నోరు తెరిచాడు. ఘాట్ మలుపుల్లో బ్రేకు పడని రోజున కూడా అతనికి అంత భయం వెయ్యలేదు. అన్నాక గొంతు రాకపోతే? నోరు అలాగే తెరిచి ఉంచాడు. ఆ మాట గొంతు రానిదో, అతను అననిదో చూసేవాళ్ళకి తెలియలేదు. అతనొక్కడికే తెలుసు, తను అనలేదని.

అప్పుడు వరమ్మ అరటితొక్క కింద పడేసింది. వసారా మధ్యకి నడిచి, నొప్పి మోకాళ్ళని మడిచి ఆ రాళ్ళ మీద మోకరించింది. ఆమె ప్రార్థన చేసుకునే పద్ధతి వేరు, గుడి వేరు. అవేవీ ఆ క్షణాన ఆమెకి గుర్తులేవు.

"తండ్రీ! నా కోడల్ని నాకుంచు. అదేటి పాపం సేసింది? నన్ను తీసుకుపో గాని దాన్ని నాకుంచు తండ్రీ!"

ప్రతి మాటా వినబడింది. కప్పు దాకా లేచి, పెరడంతా నిండింది. ఐజాక్ ఆశ్చర్యంగా ఎలీయేజరు వంక చూశాడు.

"అడగడానికి ఎప్పుడూ గొంతొస్తాది బాబూ" అన్నాడాయన వరమ్మని లేవదీస్తూ. "అడగడంలో నిజమూ నేదు, అబద్ధమూ నేదు కదా. పదండి. బేగి ఎల్లండి."

ధర్మ ముందే పరుగెత్తి వాళ్ళ చెప్పులు గుమ్మం దగ్గర పెట్టాడు. మాధవి నీళ్ళ సీసా తెచ్చి కారులో జాయ్స్ చేతికిచ్చింది. కారు తోటల్లోంచి బయటపడేదాకా వాళ్ళంతా గేటు దగ్గరే నిలబడ్డారు.

ఘాట్ దిగుతున్నంతసేపూ ఐజాక్ గుంట కనబడితే చాలు, గుడ్ల మీద నడిపినట్టు నడిపాడు. జాయ్స్ హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి సెలవు చెప్పింది. తొమ్మిదో తరగతికి ఎక్కడిదాకా పాఠం అయిందో, ఎవరికి అర్థం కాలేదో వివరంగా చెప్పింది. ఫోను పెట్టేశాక కిటికీలోంచి లోయ వైపు చూస్తూ, "ఇప్పుడు ఏదైనా అనొచ్చు కదండీ. మఠం దాటేశాం" అంది.

"అనొచ్చు" అన్నాడు ఐజాక్.

ఇద్దరూ ఏమీ అనలేదు.

విశాఖలో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఆదివారం సాయంత్రపు రద్దీ. మెదడు జబ్బుల డాక్టరు బాలాజీ అప్పుడే ఒక ఆపరేషను ముగించుకుని వచ్చి టీ తాగుతున్నాడు. జాయ్స్‌ని కూర్చోబెట్టి కళ్ళలోకి లైటు వేసి చూశాడు.

"ఏంటమ్మా ఇబ్బంది?"

"ఏమీ లేదండీ" అంది జాయ్స్. "అరకు దగ్గర మఠంలో, తల బాగుందంటే గొంతు రాలేదు. రేపు చూపించుకుంటానంటే కూడా రాలేదు."

డాక్టరు టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఎడమ పక్కా, కుడి పక్కా? విడివిడిగా అని చూశారా?"

"లేదండీ. తోచలేదు."

"పర్వాలేదు. స్కాన్‌లో చూద్దాం" అని నర్సుని పిలిచాడు.

స్కాన్ చూశాక ఐజాక్‌ని లోపలికి పిలిచారు. మెదడులో ఒక రక్తనాళం గోడ పలచబడి మినపగింజంత బుడగలా ఉబ్బిందని, అది ఎన్నాళ్ళుగా ఉందో చెప్పలేమని, పగిలేదాకా చాలామందికి ఏమీ తెలియదని డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించాడు. ఐజాక్ ఆ నలుపు తెలుపుల మధ్య చిన్న చుక్కని చూస్తూ నిలబడ్డాడు. భార్య నుదుటి వెనక, పాపిడి కింద, ఇన్నాళ్ళూ తన వేలికి సూది పొడుస్తున్నప్పుడు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది.

"పొద్దున్నే మొదటి ఆపరేషను ఆవిడకే" అన్నాడు డాక్టరు.

పొద్దున్న ఆపరేషను దాకా కూడా ఆ బుడగ ఆగలేదు. తెల్లవారాక జాయ్స్ వార్డులో మొహం కడుక్కుని, తుండుతో తుడుచుకుంటూ అత్తగారితో మాట్లాడుతోంది. "అత్తా, ఆయన మాత్ర..." అని, వాక్యం పూర్తి చెయ్యకుండానే రెండు చేతులతో తల పట్టుకుంది. ఎవరో గొడ్డలి పెట్టి కొట్టినట్టు అరిచింది. వరమ్మ పట్టుకునేలోపే కింద పడిపోయింది.

నర్సులు పరుగెత్తుకొచ్చారు. స్ట్రెచరు వచ్చింది. డాక్టరు బాలాజీ అప్పటికే కింద థియేటరులో చేతులు కడుక్కుంటున్నాడు. టీ తెద్దామని వెళ్ళిన ఐజాక్ ఫ్లాస్కుతో తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. నేల మీద తడి తుండు పడి ఉంది. దాని పక్కన వరమ్మ కూర్చుని ఉంది. ఆమె నోరు కదులుతోంది గానీ మాట రావడం లేదు. ఆమెకి మాట రాకపోవడం చూసి ఐజాక్ చేతిలోని ఫ్లాస్కు జారిపోయింది.

థియేటరు తలుపులు మూసుకున్నాయి. ఐజాక్ కొడుక్కి ఫోను చేశాడు. "అమ్మకి ఆపరేషను జరుగుతోంది. బేగి రా."

"నాన్నా, అమ్మకేం కాదు కదా?" అన్నాడు కొడుకు.

ఐజాక్ ఫోను చెవికి పెట్టుకుని ఎదురుగా ఉన్న సున్నం గోడ వంక చూశాడు. మామూలు గోడ. అయినా అతనికి ధైర్యం చాల్లేదు. "బస్సు దొరక్కపోతే రైలుకి రా" అని మాత్రం అన్నాడు.

ఆపరేషను చాలాసేపు పట్టింది. డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగి, ఆస్పత్రిలో ఉండగా పగలబట్టి అందుకోగలిగామని చెప్పాడు. ఇంట్లోనో, దారిలోనో అయి ఉంటే, అని ఆగి, ఆ మాట పూర్తి చెయ్యకుండా ఐజాక్ భుజం తట్టి వెళ్ళిపోయాడు. మెలకువ వచ్చేదాకా మాత్రం ఏమీ చెప్పలేమన్నారు. మాట పడిపోవచ్చు, మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు. ఆ రోజంతా, మర్నాడు కూడా జాయ్స్ కళ్ళు తెరవలేదు. కాకినాడ నుంచి కొడుకొచ్చి నాయనమ్మ పక్కన కూర్చున్నాడు. వరమ్మ మనవడి చెయ్యి విడిచిపెట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం డాక్టరు రిపోర్టులన్నీ చూసి, ప్రాణగండం గడిచిందని, వెళ్ళి పలకరించమని ఐజాక్‌ని లోపలికి పంపాడు.

జాయ్స్ తలకి తెల్ల కట్టు ఉంది. జుట్టంతా తీసేశారు. మొహం చిన్నదైపోయి పదో తరగతి పిల్లలా ఉంది. ఊపిరి మెల్లగా ఆడుతోంది. ఐజాక్ మంచం పక్కన నిలబడ్డాడు. మఠంలో ఆమె అడిగిన మాట అతని దగ్గరే ఉండిపోయింది. ఘాట్ దిగుతున్నప్పుడూ ఉంది, థియేటరు బయట కూర్చున్నప్పుడూ ఉంది. ఇప్పుడు అనొచ్చు. డాక్టరే చెప్పాడు.

నీకేం కాలేదు జాయ్స్ అని చెప్పడానికి నోరు తెరిచాడు.

గొంతు రాలేదు.

మళ్ళీ ప్రయత్నించాడు. పెదాలు కదిలాయి. ఏమీ వినబడలేదు. మంచం ఊచ గట్టిగా పట్టుకున్నాడు. గోడల వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు, మిషను మీద పరుగెడుతున్న పచ్చగీత వైపు చూశాడు. డాక్టరు పొరబడ్డాడా? ఈ మాట నిజం కాదా? మూడోసారి, నాలుగోసారి. నోరు కదులుతూనే ఉంది. మాట రావడం లేదు.

పక్క మంచం దగ్గరున్న నర్సు గబగబా వచ్చింది.

"ఏంటి సార్, ఏమైంది?"

అతను గొంతు వైపు చూపించాడు. భార్య వైపు చూపించాడు.

నర్సు అతని మొహంలోకి చూసింది. "ఏడుస్తున్నారు సార్ మీరు. గొంతు పూడుకుపోయింది, అంతే. ఇవి తాగండి" అని గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఐజాక్ చెంప తడుముకున్నాడు. గడ్డం దాకా తడిసిపోయి ఉంది. చొక్కా కాలరు కూడా తడిసింది. ఎప్పటినుంచి ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. నీళ్ళు గటగటా తాగి, ఊపిరి నిండా పీల్చుకుని, ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళని లోపలికి రమ్మని కేకేసే గొంతుతో అన్నాడు.

"నీకేం కాలేదు జాయ్స్!"

వార్డంతా అదిరింది. నర్సు నోటి మీద వేలు పెట్టుకుంది. నాలుగు మంచాల అవతల ఎవరిదో కునుకు చెదిరింది.

జాయ్స్ కనురెప్పలు కదిలాయి. మెల్లగా, బరువుగా తెరుచుకున్నాయి. కళ్ళు కాసేపు కప్పు మీద తిరిగి, వెతుక్కుంటూ వచ్చి, మొగుడి మొహం మీద నిలిచాయి. పొడారిపోయిన పెదాలు విడిపడ్డాయి. ఐజాక్ ఊపిరి బిగబట్టి వంగాడు.

"ఎందుకండీ ఆ అరుపు" అంది. "పక్కనే ఉన్నాను కదా."